ధాత్రి సీసాలు

సాయంత్రం ఆరు కొట్టేసరికి మా అమ్మాయి ధాత్రి తెచ్చిన గాజు సీసాలు కడగడం నా పని. సబ్బుతో ఒకసారి, కుళాయి నీళ్ళతో మూడుసార్లు, ఆఖరికి ల్యాబ్ నుంచి డబ్బాలో వచ్చే శుద్ధి చేసిన నీళ్ళతో ఇంకో మూడుసార్లు. ఇప్పుడా వేళకి చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటున్నాను.

మధురానగర్‌లో మా చుట్టుపక్కల పిల్లలంతా అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సులకి పరిగెడుతుంటే, ఇది సోమాజిగూడ ల్యాబ్‌లో చేరి డీఎన్‌ఏ పట్టుకుని కూర్చుంది. ఏంటే అది అంటే, మెలితిప్పిన నిచ్చెన అనుకోమంది. "కొన్ని మెట్లు మేం మార్చేస్తామమ్మా. అక్కడ రెండు పక్కలూ ఒకదాన్నొకటి పట్టుకోవు. మధ్యలో వెండి అయాన్ ఒక్కటి కూర్చుంటే మాత్రం, వేడి చేసినా ఓ పట్టాన విడిపోవు." ఐదో తరగతి చదివినదాన్ని, నాకు తెలిసింది ఆ వెండి మందు దాని వేళ్ళకంటించిన నల్ల మరకలే. నిమ్మచెక్కతో ఎంత రుద్దినా పోయేవి కావు.

ఒకసారి పాలు పొంగుతున్నాయని ఆఖరి కడుగు వదిలేశాను. కుళాయి నీళ్ళలో ఉప్పు వెండిని లాగేసుకుంది. సీసాల్లో తెల్లటి మబ్బు. వారం పని పోయింది. నన్నేమీ అనలేదు, అన్నం మానేసి పడుకుంది.

కిందటి శ్రావణంలో పంజాగుట్ట చౌరస్తాలో దాని స్కూటీని బస్సు గుద్దింది. మళ్ళీ ఇంటికి రాలేదు.

మూడు నెలలకి ల్యాబ్ అటెండరు దస్తగిరి వచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు. "అమ్మా, బిడ్డ చేసిన పని పుస్తకంల అచ్చయింది. పేరు మాత్రం కేదార్ సారుదే ఉన్నది." కేదార్ దాని పక్క బల్ల మీద పనిచేసేవాడు. నా చేతి పెసరట్లు ఎన్ని తిన్నాడో.

నిన్న ఆ కేదారే అట్టపెట్టె నిండా సీసాలతో వచ్చాడు. ఎల్లుండి పెద్దవాళ్ళ ముందు అదే ప్రయోగం చేసి చూపాలట. ఎన్నిసార్లు చేసినా కుదరడం లేదట.

"ధాత్రివి మీరే కడిగేవారట కదా ఆంటీ. ఈ ఒక్కసారి కడిగిపెట్టండి."

"దాని పేరు వేస్తావా బాబూ?"

"ఇప్పుడు లేని మనిషికి పేరెందుకు ఆంటీ" అని, ల్యాబ్ నీళ్ళ డబ్బా గుమ్మం పక్కన దించి వెళ్ళాడు.

వాడూ ఒకపూట అన్నం మానేసి పడుకోవాలి.

ఈ సాయంత్రం ఆరింటికి లేచాను. సబ్బుతో తోమాను. కుళాయి నీళ్ళు మూడుసార్లు పోశాను, నాలుగోసారీ పోశాను. తళతళలాడే సీసాలు ఆరబెట్టి, వరసగా పెట్టెలో సర్దాను. పొద్దున్నే వచ్చి పట్టుకుపోతాడు.

వాడి డబ్బా మూత మాత్రం విప్పలేదు.