పీలియోలో అవతలి ఒడ్డు

గ్రీసు దేశంలో పీలియో అనే ఆ కొండ సముద్రంలోకి కాళ్లు చాపుకొని కూర్చున్నట్టు ఉంటుంది. పొద్దున్నే మబ్బు కిందికి దిగి ఇళ్ల మీద వాలుతుంది. కప్పులన్నీ బూడిదరంగు రాతిపలకలే. మబ్బేదో, కప్పేదో చాలాసేపు తెలియదు. బొగ్గుగనుల ఊరు, మా గోదావరిఖనిలో ఆరేసిన తెల్లచీర సాయంత్రానికి తెల్లగా ఉండదు. ఇక్కడ నా చీర అంచు ఎంత తిరిగినా మాయడం లేదు. ఇది కలైతే నన్నెవరూ లేపొద్దు అనుకుంటూ నడిచాను.

నేను గని కాలనీ బడిలో సోషల్ టీచర్‌గా పనిచేశాను. అట్లాసులో వేలు పెట్టి పిల్లలకు ప్రపంచమంతా చూపించాను, నేను మాత్రం ఏదీ చూడలేదు. రిటైరయ్యాక పట్టుబట్టి ఈ టూర్‌కి బయల్దేరాను, బొగ్గుబాయిలో పనిచేసి రిటైరైన మా ఆయన్ని వెంటేసుకొని.

"గుట్టలు మనకు లెవ్వా? గోదారి లేదా? గంత దూరం ఎందుకే?" అని విమానం ఎక్కేదాకా సతాయించాడు.

తీరా వచ్చాక నాకంటే ఆయనే కుదురుకున్నాడు. ఊళ్లో ఒక ముసలావిడ మమ్మల్ని వాకిట్లో కూర్చోబెట్టి, చక్కెర పాకంలో ఊరిన పండు చెంచాడు, చల్లటి మంచినీళ్లు ఇచ్చింది. వచ్చినవాళ్లకు ముందు అదే పెట్టడం వాళ్ల ఆనవాయితీ అట. "అవ్వా, ఇంకింత పెట్టరాదూ" అన్నాడీయన, మన తెలుగులోనే. ఆవిడ నవ్వి మళ్లీ పెట్టింది! పూర్వం ఈ కొండ మీద సగం మనిషి, సగం గుర్రం అయిన జాతి ఉండేదని గైడ్ చెబితే, "డబుల్ డ్యూటీ చేసెటోళ్లు గట్లనే ఐతరు" అన్నాడు. కడుపు నొప్పి పుట్టేలా నవ్వాను.

మధ్యాహ్నం కిందికి, సముద్రం దగ్గరికి దిగాం. ఒడ్డున పెద్ద రాతిగోడ, దానికి తొలిచినట్టు ఒక సొరంగం. అందులోంచి దాటితే అవతల ఇంకో చిన్న ఒడ్డు ఉందట. అందరూ వెళుతున్నారు. ఆయన ఆగిపోయాడు.

"నువ్వు పో. నేనీడ కూసుంట."

నాకు తెలుసు ఎందుకో. కుర్రతనంలో ఒక షిఫ్టులో బాయి కప్పు కూలింది. ఈయనకు పని నేర్పిన పెద్దాయన, 'అన్నా' అని పిలిచే మనిషి, రాళ్లకు అవతల చిక్కుకున్నాడు. లోపల్నుంచి "తమ్మీ, రా" అని పిలిచాడు. కప్పు ఇంకా రాలుతూనే ఉంది. ఈయన ఉరకబోతే తోటివాళ్లు నడుం పట్టుకొని ఆపారు. కాసేపటికి పిలుపు ఆగిపోయింది. తర్వాత బతిమాలుకొని పైన పని వేయించుకున్నాడు. మళ్లీ బాయి దిగలేదు. సినిమాహాల్లోకి రాడు. తలుపు మూస్తే నిద్రపోడు. ఇంత బరువు మోసుకొని బతుకుతున్న మనిషి మీద జాలి ఉంటుంది, కానీ కోపం కూడా వస్తుంది కదా!

"ఇంత దూరమొచ్చి సగం సముద్రమే చూస్తవా? నీ ఖర్మ!" అనేసి నేనొక్కదాన్నే వెళ్లాను.

అవతల నీళ్లు నెమలికంఠం రంగులో ఉన్నాయి. కింద గులకరాళ్లు కదలడం కనిపిస్తోంది. ఎండకు కళ్లు మూతలు పడుతున్నాయి. మోకాళ్ల దాకా దిగి నిలబడితే ఎప్పుడు వచ్చానో, ఎక్కణ్నుంచి వచ్చానో మరిచిపోయాను. కానీ పక్కన ఆయన లేకపోతే నాకేం బాగుంటుంది? సొరంగం దగ్గరికి వచ్చి, క్లాసులో అరిచినట్టు లోపలికి కేకేశాను.

"ఓ అయ్యా! రారాదూ!"

రాయి నా గొంతును పట్టుకొని మగగొంతులా మొద్దుగా చేసి అటు పంపింది. ఆయన రాలేదు. సరే, మొండిఘటం అనుకొని నీళ్లవైపు తిరిగాను.

అంతలో పరుగు చప్పుడు. చెప్పుల్లేకుండా, ఒక చెయ్యి తల మీద అడ్డం పెట్టుకొని, ఆయన చీకట్లోంచి వెలుగులోకి వచ్చి పడ్డాడు. మోచెయ్యి గీరుకొని రక్తం వస్తోంది. నా మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు. చూపు మాత్రం నా మీద లేదు, రాతిగోడ మీద ఉంది.

"వచ్చిన అన్నా," అన్నాడు. "వచ్చిన."

ప్రతి మాటకూ ఎదురు చెప్పే నోరు నాది. 'నేనయ్యా, ఇటు చూడు' అని నోటిదాకా వచ్చింది. మింగేశాను.

"వచ్చినవ్ తమ్మీ," అన్నాను. "నాకు తెల్సు, నువ్వు వస్తవని."

ఆయన నా చెయ్యి వదలకుండా గులకరాళ్ల మీద కూలబడి ఏడ్చాడు.