చివరి బెంచి ఎనుక

మా ఆయన డానియేలు మాదన్నపేటల నల్లా నీళ్లు ఇడుస్తడు. ఇరవై రెండేండ్ల నౌకరి. వారమంతా చేతిల వాల్వు తిప్పే చావి, ఆదివారం బైబిలు. మా చర్చిల సంఘపెద్ద గూడ. మనిషి మంచోడే గానీ, తీర్పు చెప్పుమంటే మాత్రం ఎవ్వలు ఆపినా ఆగడు.

మా సంఘంల రశ్మి అనే పిల్ల పోయినేడు హిందూ పిలగాన్ని కోర్టుల పెండ్లి చేసుకున్నది. ఆర్నెల్లు ప్రభు బల్లకు, అంటే రొట్టె, రసం తీసుకునేటందుకు, రావొద్దు, చివరి బెంచిలనే కూసోవాలె అని పెద్దలు చెప్పిండ్రు. ఆర్నెల్లు అయిపోయినయ్. ఇప్పుడు ఆ పిల్లకు నెలలు నిండుతున్నయ్. పురుడుకు ముందు ఒక్కసారి రొట్టె తీసుకుంటనని మా ఇంటికొచ్చి ఏడ్సింది.

"పెద్ద పాపం. ఇంకో ఆర్నెల్లు," అన్నడు మా ఆయన.

పిల్ల పోయినంక నాకు ఒళ్లు మండింది. "గురివిందకు దాని కింది నలుపు తెల్వదంట! ఎనుక గల్లీల ఉండే బాబూమియాతోని బండి పెట్టేకాడ లొల్లయిందని, ఎండకాలంల నాలుగు రోజులు ఆ గల్లీకి నీళ్లు బంద్ చేసినవ్ గదా, అదేంది?"

"గది చిన్నదే. కోపంల అయింది."

"ఎవ్వలికి చిన్నది? ఆయన ఇంటామె ఖైసర్ బేగం మోకాళ్ల నొప్పులతోని పక్క గల్లీకెల్లి బిందెలు మోసింది. దేవుని ముంగట అన్నీ పాపాలే, కాదంటలేను. గానీ ఒకరి గొంతెండవెట్టినదానికి బరువెక్కువనే ఉంటది. గిన్నెడు నీళ్లిచ్చినోన్ని మరువనన్నడు ప్రభువు. నల్లా బంద్ చేసినోన్ని మరుస్తడా?"

ఆయన అన్నం ముట్టలే. నేనూ బతిమిలాడలే.

ఆదివారం బల్ల సిద్ధం జేసిండ్రు. పళ్లెం పట్టాల్సిన మా ఆయన లేసి నిలవడ్డడు. నల్లా సంగతి అందరి ముంగట చెప్పేసిండు. "రశ్మి కంటే నాదే పెద్దది. ఆమె ఎనుక కూసుంట," అనుకుంట నడిచిండు. చివరి బెంచి ఎనుక ఇంకో బెంచి లేదాయె. గోడకు ఆనుకొని కిందనే కూలవడ్డడు.

పాస్టరు అయ్యగారే పళ్లెం వట్టుకొని ఎనుకకు వచ్చిండు. "ముందుగాల ఆ బిడ్డకు," అన్నడు మా ఆయన. రశ్మి కండ్లు తుడుసుకుంట తీసుకున్నది. మా ఆయన తనకు ఇయ్యవోతే మాత్రం చెయ్యి అడ్డం పెట్టి, "ముందుగాల పోయి మాఫీ అడుగొస్త," అన్నడు. బయటికొచ్చి చెప్పులేసుకొని సక్కగ బాబూమియా ఇంటి దిక్కు పోయిండు.

ఆయన మళ్లొచ్చేదాంక అయ్యగారు ఆయన రొట్టె ఉంచి, బల్ల మీద బట్ట కప్పలే.