పులిహోర మీద ఓటింగ్

ఈ పరదేశపు ఊళ్లో నాకు స్వెటర్ అవసరమయ్యేది మీటింగుల్లోనే. బయట చెమటలు కారుతుంటాయి. టాంపినీస్ కమ్యూనిటీ క్లబ్ గదిలో మాత్రం పళ్లు టకటకలాడతాయి. ఏసీ రిమోట్ ఎవరి దగ్గరుంటుందో ఎవరూ చెప్పరు.

ఆ ఆదివారం మధ్యాహ్నం అక్కడే మా తెలుగు సంఘాల మహాసభ. జురాంగ్ వెస్ట్, తంజోంగ్ పగార్, టాంపినీస్, ఊళ్లో ఏ పేట సంఘం ఆ పేటలో స్వతంత్రం. వినాయక చవితి ఎవరిది వారిదే. ఉగాది మాత్రం ఉమ్మడి జాబితాలో ఉంది. దానికోసం అన్నిటి పైనా ఈ మహాసభ. నేను టాంపినీస్ ప్రతినిధిని. పోటీ లేదు కాబట్టి ఘనవిజయం.

నిబంధనలు రాసింది మహాసభ అధ్యక్షులు. బ్యాంకు పని మీద కొన్నేళ్లు బ్రస్సెల్స్‌లో ఉండి వచ్చారు. యూరప్ కూటమి దేశాలన్నిటికీ కలిపి అక్కడున్న పార్లమెంటే మనకు నమూనా అని అప్పట్లోనే అన్నారు. సభ్యుల్ని జనమే ఎన్నుకుంటారు. చట్టాన్ని ప్రతిపాదించేది మాత్రం పైనున్న కమిషన్. సభ దాన్ని సవరించవచ్చు, కాదనవచ్చు. మా దగ్గర కమిషన్ అంటే కార్యవర్గం, అంటే ఆయన. ఇంటికెళ్లి చదివితే తెలిసింది, ఆ పార్లమెంటుకు కమిషన్‌ను మొత్తంగా దింపేసే హక్కు కూడా ఉందని. ఆ హక్కు సర్దిన పెట్టె ఒక్కటీ బ్రస్సెల్స్‌లో ఉండిపోయినట్టుంది. మరిచిపోయారా, వదిలేశారా అన్నదే నా అనుమానం.

కార్యవర్గం ప్రతిపాదన చదివారు: ఉగాది వేడుక శనివారం ఉదయం. ఆదివారం ఉదయాలు అధ్యక్షులు గోల్ఫ్ ఆడతారు. రెండిటికీ సంబంధం ఉందని నేననను.

జురాంగ్ వెస్ట్ ప్రతినిధి లేచాడు. షిప్‌యార్డులో వెల్డరు, కరీంనగర్ వైపు మనిషి. అతని సంఘంలో అందరికీ సెలవు ఆదివారమే.

"సార్, శనివారం మాకు డ్యూటీ ఉంటది. ఒక్కలం గూడ రాలేం. ఆదివారం పెట్టున్రి."

"మన నిబంధనల్లో తేదీ సభ పరిధిలోకి రాదండీ. కార్యవర్గమే ప్రతిపాదించాలి," అన్నారు అధ్యక్షులు, చాలా మర్యాదగా. ఆ మర్యాదే నాకు నచ్చలేదు. "మెనూ మీద సవరణలుంటే చెప్పండి."

"కార్యవర్గం మీద సవరణ పెట్టొచ్చాండీ?" అన్నాను.

"మీరు భలే జోకులేస్తారండీ!"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, కొంత చలికి.

ఇక మెనూ మీద ప్రజాస్వామ్యం వెల్లివిరిసింది. చింతపండు పులిహోరా, మామిడికాయ పులిహోరా? తంజోంగ్ పగార్ ప్రతినిధి ఉద్వేగంగా ప్రసంగించారు. ఓటింగ్ పెట్టారు. చేతులు లేచాయి, నాది కూడా. జురాంగ్ వెస్ట్ చెయ్యి లేవలేదు.

"మీ ఓటేదండీ? మీ వాళ్ల గొంతు కూడా సభలో వినపడాలి కదా," అన్నారు అధ్యక్షులు.

"మేం తినని పులిహోరకు మాతోని ఓటెందుకు వేయిస్తున్నరు సార్?"