ఎల్లారెడ్డి బావులు ఎర్రబడిన వేసవి

1938 వేసవిలో నేను కామారెడ్డి దవాఖానాలో డాక్టరుగా ఉన్నాను. మామిడికాయలు సంతలోకి వచ్చే రోజుల్లో జిల్లా సివిల్ సర్జన్ నుంచి తాకీదు వచ్చింది. ఎల్లారెడ్డి పక్కన ఒక పల్లెలో గత్తర తగ్గడం లేదు, అక్కడి డ్యూటీ డాక్టరు అన్నీ సక్రమంగానే చేస్తున్నట్టు రాస్తున్నాడు, వెళ్లి చూసి రమ్మని దాని సారాంశం. గత్తర అంటే కలరా. పొద్దున వాంతులతో మొదలై, మనిషి ఒంట్లోని నీరంతా పోయి, దీపాలు పెట్టే వేళకు ప్రాణం తీసే జబ్బు. ఆ పేరు వింటేనే ఊళ్లు ఖాళీ అయ్యే కాలమది.

ఉప్పునీళ్లు నరంలోకి ఎక్కించే సరంజామా సర్దుకొని, మా కాంపౌండరును వెంటబెట్టుకొని, కచ్చురం బండి కట్టించుకొని బయల్దేరాను. దారి పొడుగునా నాకు ఒకటే ఆశ్చర్యం. అక్కడున్న డ్యూటీ డాక్టరు నరహరి. హైదరాబాదు వైద్య కళాశాలలో నాకంటే కొన్నేళ్లు వెనక చదివినవాడు, తన తరగతిలో మొదటివాడు. మా చదువంతా ఉర్దూలో సాగేది. ఎముకల పేర్లు, మందుల మోతాదులు, జ్వరాల లక్షణాలు అన్నీ ఉర్దూలో కంఠస్థం చేసేవాళ్లం. నరహరి కంఠస్థం చేయడంలో మమ్మల్నందరినీ మించినవాడు. ఏ పేజీలో ఏ పంక్తి అని అడిగినా చెప్పేవాడు. చదవేస్తే ఉన్న మతి పోయిందని లోకం అంటుంది గానీ, ఆ మాట అతనికి వర్తించదు. అతని మతి ఎక్కడికీ పోలేదు. దానితో పని పడే అవసరం అంతవరకూ రాలేదు, అంతే.

నేను పోయేసరికి అతను చావడిలో చెక్కపెట్టె ముందు నిలబడి ఉన్నాడు. మనిషి చిక్కిపోయాడు. నిద్ర లేని కళ్లు. మంచీచెడూ అడగకుండానే తాను చేసినదంతా ఒప్పజెప్పాడు. బావుల్లో లాల్ దవా వేయడం, టీకాలు పొడవడం, కోసిన పండ్ల అమ్మకం ఆపించడం, ఈగలు ముసిరే చోట సున్నం చల్లించడం, రోగుల గుడిసెలు వేరు చేయించడం. ఒక్కటీ తప్పిపోలేదు. నేను చేసినా అంతకంటే బాగా చేసేవాణ్ణి కాను.

లాల్ దవా అంటే పర్మాంగనేటు. ఊదారంగు పలుకులు. వాటిని బొక్కెన నీళ్లలో కరిగించి, బొక్కెనను బావిలోకి దించి నాలుగుసార్లు పైకీ కిందికీ ఆడిస్తే నీళ్లు ఎర్రబడతాయి. ఆ ఎరుపు కాసేపు నిలిస్తే మందు సరిపోయినట్టు. మరునాటికి రంగు విరిగిపోతుంది, నీళ్లు తాగడానికి పనికొస్తాయి. ఒక్కో బావికి రోజు విడిచి రోజు అలా వేయాలి. నరహరి పొద్దున పది దాటాక, నీళ్లు తోడుకునే వేళ ముగిశాకే, బావి బావికీ తిరిగి వేయించేవాడు. అన్ని వాడల బావులకూ, ఏ ఒక్కదాన్నీ వదలకుండా. కొందరు డాక్టర్లు కొన్ని వాడల వైపు తొంగి చూసేవారే కారు. ఈ విషయంలో అతన్ని మెచ్చుకోవాలి.

అతనికి తోడు ఊరి తలారి సాయన్న. ఊళ్లోకి వచ్చిన సర్కారు మనుషులకు దారి చూపడం, బరువు మోయడం, దండోరా వేయడం తలారి పని. బొక్కెన దించేదీ, తాడు ఆడించేదీ అతనే. తన కళ్లతో చూసినా, రోజూ సాయంత్రం నరహరి మరోసారి అడుగుతాడు, "బావులల్ల మందు పడ్డదా?" అని. "పడ్డది బాంచెన్" అంటాడు సాయన్న. అంతటితో ఆ రోజు పని ముగిసినట్టే. మళ్లీ తెల్లవారితే ఏదో ఒక ఇంట ఏడుపు.

నేను కూడా బావులన్నీ చూశాను. రాతికట్టు బావులు, లోతైనవి, నీళ్లు బాగానే ఉన్నాయి. మందు పాళ్లలో తేడా లేదు. వింతైన విషయం ఇంకోటి గమనించాను. ఇటువంటి ఊళ్లలో డాక్టరును చూస్తే జనం తలుపులు వేసుకుంటారు, టీకా సూదికి భయపడి చేలల్లోకి పరుగెడతారు. ఇక్కడ మాత్రం నరహరి ఎదురైతే ఆడవాళ్లు కొంగు తల మీదికి లాక్కొని దండం పెడుతున్నారు. బావి దగ్గర మందు వేస్తుంటే దూరంగా నిలబడి చేతులు జోడిస్తున్నారు. "వీళ్లకు నా మీద నమ్మకం కుదిరింది. అయినా చస్తున్నరు. నేను ఏం విడిచిపెట్టిన్నో చెప్పండి అన్నా" అన్నాడు నరహరి.

ఆ మధ్యాహ్నమే సాయన్న పరుగెత్తుకొచ్చాడు. అతని భార్య పోశవ్వకు పొద్దుటి నుంచీ వాంతులట. పొద్దున వచ్చి బొక్కెన మోసినప్పుడు ఆ మాట చెప్పలేదు. పని విడిచి పోతే దొరలు ఏమనుకుంటారోనని ఊరుకున్నాడు. మేమిద్దరం అతని గుడిసెకు వెళ్లాం. పోశవ్వ కళ్లు అప్పటికే లోపలికి పోయాయి. వేళ్లు ముడతలు పడ్డాయి. నరం దొరకలేదు. మోచేతి దగ్గర కోసి వెతికి, ఎలాగో ఉప్పునీళ్లు ఎక్కించడం మొదలుపెట్టాం. సాయన్న తల్లి నా చేతులు కడుక్కోవడానికి చెంబుతో నీళ్లు తెచ్చింది.

నీళ్లు తేటగా ఉన్నాయి. చెంబు అడుగున సన్నటి ఇసుక ఉంది.

నేను ఆ ఇసుకను అలాగే చూస్తూ ఉండిపోయాను. మంజీర వైపు పల్లెలో పుట్టినవాణ్ణి, అటువంటి నీళ్లు తాగే పెరిగాను. రాతికట్టు బావి నీళ్లలో ఆ ఇసుక ఉండదు.

"అవ్వా, ఈ నీళ్లు ఏడియి?" అని అడిగాను.

"వాగుల చెలిమెయి, బిడ్డా" అంది ముసలమ్మ.

"ఇంటి ముంగట బావి ఉన్నది గదా?"

"అయ్యో, అవి అమ్మవారియి గద. మేమెట్ల ముడుతం? ముట్టుకుంటే ఊరు మిగుల్తదా?"

కొద్దికొద్దిగా అడిగితే సంగతి బయటపడింది. గత్తర వచ్చినప్పుడు ఈ వైపు ఊళ్లలో పొలి చల్లుతారు. బలి ఇచ్చిన జీవం నెత్తురు అన్నంలో కలిపి, ఊరి పొలిమేర చుట్టూ చల్లుకుంటూ పోతారు. అది అమ్మవారి భాగం. దాన్ని మనుషులు తాకరు, కోళ్లు కూడా తొక్కకుండా చూసుకుంటారు. నరహరి ఆ ఊళ్లో దిగడానికి ముందే పొలి చల్లడం అయింది. ఆ వెంటనే సర్కారు డాక్టరు వచ్చాడు, బావులు ఒకటొకటిగా ఎర్రబడ్డాయి. సర్కారు తరఫున బావులకు కూడా పొలి పెడుతున్నారని ఊరంతా అనుకుంది. తమ కోసం అంత శ్రద్ధగా అమ్మవారికి మొక్కుతున్న డాక్టరుకు దండాలు పెట్టింది. బావులను అమ్మవారికి విడిచిపెట్టి, కడవలు తీసుకొని వాగుకు పోయింది. ఎండిన వాగులో ఇసుక తోడితే ఊరే గుంట చెలిమె. ఆ గుంటల నీళ్లే ఊరంతా తాగుతోంది.

నరహరి సాయన్న వైపు తిరిగాడు. "దినాం నాతోని బావుల కాడికి వచ్చినవు గదా. నాకెందుకు చెప్పలే?"

సాయన్న తడిగుడ్డతో భార్య పెదవులు తుడుస్తున్నాడు. తల ఎత్తలేదు. "మీరు బావుల సంగతే అడిగిండ్రు దొరా. మందు పడ్డదా అంటే పడ్డదన్న. నీళ్లు ఏడికెల్లి తెచ్చుకుంటున్నరని మీరు అడగలే. మీకు ఎరుకే అనుకున్న."

ఆ మాటలో నింద లేదు. ఉంటే కొంత నయంగా ఉండేది.

పోశవ్వ దగ్గర కాంపౌండరును కూర్చోబెట్టి వాగుకు వెళ్లాం. చెలిమెల చుట్టూ ఆడవాళ్లు ముంతలతో నీళ్లు తోడి కడవలు నింపుతున్నారు. కొంచెం ఎగువన మిగిలిన మడుగులో, గత్తరతో పోయినవాళ్ల పక్కబట్టలు ఉతికి ఇసుకలో ఆరేశారు. ఆ మడుగు నీరే ఇసుకలోంచి ఇంకి చెలిమెల్లోకి వస్తోంది.

నరహరి ఇసుకలో కూలబడ్డాడు. మా పాఠ్యపుస్తకంలో ఒక కథ ఉండేది. ఇంగ్లాండులో ఒక పట్నంలో కలరా వస్తే, ఒక వైద్యుడు ఇల్లిల్లూ తిరిగి, ఏ ఇంటివాళ్లు ఎక్కడి నీళ్లు తాగుతున్నారో అడిగి, ఒక వీధి పంపు దగ్గర జబ్బు మూలం పట్టుకుంటాడు. నరహరి ఆ పాఠాన్ని ఉర్దూలో మొదటి నుంచి చివరి దాకా ఒప్పజెప్పాడు. ఒక్క మాట తప్పకుండా. తరువాత, "పరీక్షల ఇదే ప్రశ్న పడ్డది. పూర్తి మార్కులు వచ్చినయి" అన్నాడు. అతను అంత అందంగా ఒప్పజెప్పిన కథలో, ఆ వైద్యుడు ఇల్లిల్లూ తిరిగి అడిగాడన్న వాక్యం కూడా ఉంది.

బట్టలు దిగువన ఉతికించే ఏర్పాటు అప్పటికప్పుడు చేశాం. అసలు చిక్కు బావులది. ఇది పొలి కాదు, మందు అని దండోరా వేయిద్దామన్నాను నేను. నరహరి వద్దన్నాడు. అమ్మవారికి ఇచ్చినదాన్ని సర్కారు వెనక్కి గుంజుకుంటోందని భయపడతారన్నాడు. లేచి, ఇసుక దులుపుకొని, తిన్నగా సాయన్న తల్లి దగ్గరికి నడిచాడు. కోడలి కాళ్లు రాస్తూ కూర్చున్న ఆమె ముందు గొంతుక్కూర్చుని, "అవ్వా, బావులు అమ్మవారియి అయినయి, మంచిదే. మళ్ల మనుషులయి ఎప్పుడైతయి?" అని అడిగాడు. నేను విన్నంతలో, ఏ పుస్తకంలోనూ లేని ప్రశ్న నరహరి నోట రావడం అదే మొదలు.

"అమ్మను సాగనంపినంక అయితయి, కొడుకా" అంది ఆమె.

పొద్దుగూకక ముందే పోశవ్వ పోయింది. మేము ఎక్కించిన నీళ్లు ఆమెకు అందలేదు.

దహనం అయ్యాక నరహరి ఊరి పెద్దలను చావడికి పిలిపించాడు. అమ్మను వెంటనే సాగనంపమని అడిగాడు. జబ్బు ఊళ్లో ఉండగా ఎలా పంపుతామని పెద్దలు నసిగారు. తడి తల ఆరని సాయన్న తల్లి తలుపు అవతల నుంచి అంది, "ఇంక ఎవరిని ఇయ్యాలె? పంపుండ్రి." పెద్దలు ఒప్పుకున్నారు. మరునాడు డప్పులతో అమ్మవారిని పొలిమేర దాటించారు. ఆ రోజు నుంచి నరహరి మందు వేసే వేళ మార్చాడు. సాయంత్రం ఆడవాళ్లు నీళ్లు తోడుకొని పోయాక వేయించాడు. తెల్లవారి కడవలు వచ్చేసరికి ఎరుపు విరిగిపోయేది. బొక్కెన దించింది సాయన్నే. పదో రోజు కర్మ అయ్యేదాకా పనికి రానక్కర్లేదని చెప్పినా వినకుండా వచ్చాడు. ఇంట్లో కూర్చోలేకపోతున్నానన్నాడు.

వానలు పడకముందే గత్తర తగ్గిపోయింది. సివిల్ సర్జన్‌కు లాల్ దవా సంగతే రాశాం. అమ్మవారిని సాగనంపించామని రాస్తే ఇద్దరి ఉద్యోగాలూ ఊడేవి. నరహరి పనితనం మెచ్చుకుంటూ పైనుంచి జవాబు వచ్చింది. దాన్ని అతని చేతికిస్తే చదవకుండానే నాకు తిరిగి ఇచ్చాడు.

ఆ తరువాత అతను మారిపోయాడు. రోగి వస్తే ఏం తిన్నావు, ఎక్కడ పడుకున్నావు, ఇంట్లో ఇంకెవరికి ఉంది అని గంటసేపు అడిగేవాడు. జనానికి అది నచ్చలేదు. "ఈ డాక్టరుకు ఏం రాదు, అన్ని మనల్నే అడుగుతడు" అని వేరే దవాఖానాలకు పోయేవారు. ఉద్యోగంలో అతనికి రావలసిన తరక్కీ కూడా ఆలస్యమైంది. కామారెడ్డి స్టేషనులో ఒకసారి కలిసినప్పుడు, "పోశవ్వకు ముందు పోయినోళ్ల పేర్లు నాకు తెల్వదు అన్నా. అది గూడ అడగలే" అన్నాడు. బండి వచ్చింది, వెళ్లిపోయాడు.

కొత్త డాక్టర్లకు పని నేర్పే బాధ్యత తరువాత నాకు వచ్చింది. ప్రతివాడికీ ఈ ఉదంతం చెప్పేవాణ్ణి. ఊళ్లోకి పోగానే మందు పెట్టె విప్పకు, నీళ్ల కడవ వెనక నడువు అనేవాణ్ణి. అందరూ శ్రద్ధగా విన్నారు. నలభై ఒకటిలో బాన్సువాడ వైపు ఒక ఊళ్లో ప్లేగు వచ్చింది. ఎలుకలు రాలిపడే జబ్బు అది, నీళ్లతో సంబంధం లేదు. నేను పంపిన కుర్రవాడు తెలివైనవాడే. మూడు రోజులు కడవల వెనక నడిచి, ఏ ఇంటివాళ్లు ఏ బావి నీళ్లు తాగుతున్నారో చక్కగా కనుక్కొని వచ్చి, నా ముందు నిలబడి ఒప్పజెప్పాడు. ఈలోగా ఇళ్లు ఖాళీ చేయించేవారు లేక ఆ ఊరు చాలామందిని పోగొట్టుకుంది.

జవాబులు నేర్పవచ్చు. ప్రశ్న వేయడాన్ని నేర్పబోతే అదీ ఒక జవాబుగా మారి కంఠస్థమవుతుంది. దీనికి మందు ఏమిటో ఉద్యోగం చేసినన్నాళ్లూ నాకు దొరకలేదు.