మొదలు ఎటువైపు?

అందరూ ఆమెను కత్తెరక్క అనే పిలుస్తారు. పదిహేనేళ్లు బ్యూటీ పార్లర్‌లో జుట్టు కత్తిరించిన మనిషి, ఇప్పుడు ఆసుపత్రి మేడ మీద పరిశోధన గదిలో వెంట్రుకలు సేకరిస్తోంది. మంచాన పడ్డవాళ్లకు ఇంట్లో సేవ చేసేవాళ్ల ఒత్తిడి ఎంతో, వెంట్రుకల్లోని హార్మోన్‌ను బట్టి చెబుతారట. తల వెనక సన్నని పాయను నెత్తికి ఆనించి కత్తిరించాలి, నెత్తివైపు మూడు సెంటీమీటర్లు ఉంచి మిగతాది తీసేయాలి. వెంట్రుక నెలకు ఇంచుమించు సెంటీమీటరు పెరుగుతుంది కాబట్టి అది మూడు నెలల కథ. ఆ మాట విని ఆమె ముక్కున వేలేసుకుంది. ఇన్నేళ్లూ జనాల కథలన్నీ చీపురుతో ఊడ్చి పారబోసిందన్నమాట!

పాయకు మొదలు వైపు దారం కట్టాలని కాగితంలో రాసి ఉంది. పార్లర్‌లో నెత్తి దగ్గరి భాగాన్ని కుదురు అనేవాళ్లు. మొదలంటే కథ మొదలే కాబోలనుకుని, అన్నిటికంటే పాత నెల ఉన్న కొసకు ఎర్రదారం కట్టేసింది. అలా ముప్పై నాలుగు పాయలకు, ఎంతో ముచ్చటగా.

అందులో మొదటిది ఆమెదే. మంచాన పడ్డ తన అక్కకు ఏడాదిపాటు సేవ చేసింది. పాయ ఇచ్చేనాటికి అక్క పోయి రెండు నెలలు. ఫలితం వచ్చాక, పరిశోధన చేస్తున్న డాక్టరమ్మ ఒత్తిడి ఎంతో గీసిన కాగితం చూపించింది: పాత నెలలో తక్కువ, కొత్త నెలలో బాగా ఎక్కువ.

"చూశారా మేడమ్! అక్క ఉన్నన్నాళ్లూ నాకు బరువే అనిపించలేదు," అని కత్తెరక్క మురిసిపోయింది. ఆ కాగితం బావకు కూడా చూపించింది. ఆయన కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

తర్వాతి వారం ఓ రిటైర్డ్ మాస్టారు పాయ ఇవ్వడానికి వచ్చి కూర్చున్నాడు. ఆయనకు ప్రతిదీ తెలియాలి.

"ఈ దారమెందుకమ్మా?"

"మొదలుకు గుర్తండీ. మూడు నెలల కిందటి కొస."

"భలేదానివే! జుట్టుకు మొదలంటే నెత్తి దగ్గర కదూ? చెట్టుకు మొదలు చిటారున ఉంటుందా?"

కత్తెరక్కకు విషయం అర్థమైంది: కట్టిన పాయలన్నీ తిరగబడ్డాయి, తనదానితో సహా. ఉద్యోగం పోతుందన్న భయం ఒకటి. కానీ అంతకన్నా బ్యాగులో మడతపెట్టిన ఆ కాగితం ఎక్కువ బాధపెట్టింది. నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. మాస్టారిని పంపించి, ఓ గంటసేపు తనలో తను మథనపడి, చివరికి డాక్టరమ్మ గదిలోకి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పేసింది.

డాక్టరమ్మ తల పట్టుకుంది. "అన్నీ ఒకేలా కట్టారా?"

"ఒక్కటి కూడా సరిగ్గా కట్టలేదండీ."

డాక్టరమ్మకు నవ్వాగలేదు. "అయితే బతికిపోయాం! నెలలు తిప్పి రాసుకుంటే సరి." కింది నుంచి వరసగా దిద్దుకుంటూ పైనున్న మొదటి నంబరు దగ్గరకొచ్చి ఆగింది. "ఇది మీది కదూ? మీరు కొత్తలో, నేర్చుకునేటప్పుడు కట్టింది. దీన్ని సరిగ్గానే కట్టారేమో?"

అవునంటే చాలు, బావకు చూపిన కాగితం నిజమే అయిపోతుంది. డాక్టరమ్మ కూడా ఆ మాట కోసమే చూస్తున్నట్టుంది. కత్తెరక్కకు అక్క ఆఖరి నెల గుర్తొచ్చింది. రోజుకు నలభైసార్లు పిలిచేది. ఒకసారి వంటింట్లో నిలబడి, ఇంకెన్నాళ్లో అని తను అనుకుంది కూడా.

"లేదు మేడమ్, అదీ తిరగేసే కట్టాను," అంది. "అక్క పోయాకే నాకు కంటినిండా నిద్రపట్టింది. అలాగే రాయండి."