మొలిచిందో లేదో చూసుకున్న మోకాలు

2022 వేసవి. హనుమకొండలో ఒక ప్రైవేటు ఎముకల ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టుగా నాకప్పటికి పదిహేనేళ్లు నిండాయి. డాక్టరు కోసి బాగుచేసిన కీలును మళ్లీ పనిలో పెట్టడం మా వంతు. ఇన్నేళ్లలో ఎన్ని మోకాళ్లు వంచానో లెక్కలేదు. ‘మీకు బాగా గుర్తుండిపోయిన కేసేది?’ అని ఎవరైనా అడిగితే మాత్రం స్వరూప పేరే ముందు నోటికొస్తుంది. అందులో నా తప్పులు రెండున్నాయి. ఎదుటివాళ్ల తప్పులు మరిచిపోతాం గానీ మనవి అంత తొందరగా పోవు కదా.

స్వరూపది హసన్‌పర్తి అవతల ఒక ఊరు. ముప్పై ఆరేళ్ల మనిషి. పత్తి గింజలు పెట్టడానికీ వరి నాట్లకూ వెళ్లే ఇరవై మంది ఆడవాళ్ల గుంపుకు మేస్త్రి. ఏ రోజు ఎవరి పొలానికి పోవాలో, ఎవరు ఏ వరుసలో మునుం పట్టాలో ఆమె చెప్పిందే మాట. ముందటి ఏడాది బండి మీద నుంచి పడితే కుడి మోకాలికి దెబ్బ తగిలింది. ఎముక విరగలేదు కదా అని నొప్పి బిళ్లలతో ఏడాది నెట్టుకొచ్చింది. మా దగ్గర ఎంఆర్ఐ తీస్తే లోపల కార్టిలేజ్‌లో రూపాయి బిళ్లంత గుంట కనబడింది. కార్టిలేజ్ అంటే ఎముక కొసల మీద ఉండే నున్నటి తెల్లటి పొర. దానికి రక్తనాళాలు ఉండవు. అందుకే చర్మం మీది గాయంలా తనంతట తాను మానదు.

“సారూ, నడిత్తె సాలదు నాకు,” అంది స్వరూప డాక్టరుతో. “మళ్ల మడిల దిగాలె. మేస్త్రి ఒడ్డు మీద నిలవడి కేకలేత్తె గుంపు మాటింటదా? ముందుగాల నేను దిగితెనే ఎనుక వాళ్లు దిగుతరు.”

డాక్టరు గారు ఉన్నదున్నట్టు చెప్పే మనిషి. ఆమె తుంటి ఎముకలోంచి మూలుగ తీసి, అందులోని స్టెమ్ సెల్స్‌ను, అంటే ఇంకా ఏ పనికీ కుదురుకోని మూలకణాలను, ఆ గుంటలో పెట్టవచ్చన్నారు. “వయసుతో మొత్తం అరిగిన మోకాలికి దీంతో ఫాయిదా లేదమ్మా. నీది ఒక్క గుంట తప్ప మిగతాదంతా మంచిగుంది కాబట్టి చేద్దామంటున్న. ఖాయమని మాత్రం చెప్పను. ఇది ఇంకా అందరూ ఒప్పుకున్న వైద్యం కాదు,” అని కాగితం మీద రాసిందంతా చదివి వినిపించారు. ట్రాక్టరు నడిపే భర్త సమ్మయ్య రెండోసారి చదివించుకుని మరీ సంతకం పెట్టాడు.

నేనెప్పుడూ చూడని ఆపరేషన్ కావడంతో డాక్టరు గారిని బతిమాలి థియేటర్‌లో ఒక మూల నిలబడ్డాను. లావుపాటి సూదితో తుంటి ఎముక నుంచి లాగిన మూలుగ చూడటానికి ముదురు రక్తంలాగే ఉంది. దాన్ని గిర్రున తిప్పే యంత్రంలో పెడితే పొరలు పొరలుగా విడిపోయింది. మనకు కావలసిన పొర రెండు మూడు చెంచాలకు మించదు. గుంట అంచులు శుభ్రం చేసి, జిగురులాంటి పదార్థంలో ఆ కణాలను కలిపి నింపారు. అది గట్టిపడేదాకా థియేటర్‌లో ఎవరమూ కదలలేదు. ఆ తర్వాత డాక్టరు గారు మోకాలిని మెల్లగా నాలుగైదు సార్లు వంచి, గుంటలో నింపింది కదలకుండా నిలిచిందని చూసుకుని ఊపిరి వదిలారు.

నా మొదటి తప్పు మర్నాడు జరిగింది. ఆరు వారాలు ఆ కాలి మీద బరువు మోపకూడదని స్వరూపకు చెప్పాలి. ఎవరికి తగ్గ భాషలో వాళ్లకు చెప్తానని నాకు కొంచెం గర్వం కూడా ఉండేది. “స్వరూపా, నీ మోకాల్ల విత్తనం పెట్టినమనుకో. మొలక లేసేదాక దాని మీద కాలు పెట్టి తొక్కద్దు,” అన్నాను. ఆమె కళ్లు మెరిశాయి. “గట్ల జెప్పున్రి మేడం, ఇప్పుడు సమజైంది,” అంది. భలే చెప్పానని నాకు నేనే మురిసిపోయాను.

ఐదో వారంలో సమ్మయ్య ఆమెను ఆటోలో తీసుకొచ్చాడు. మోకాలు బూరెలా పొంగి ఉంది. పడిందా అంటే పడలేదు. కర్రలు వదిలి నడిచిందా అంటే అదీ లేదు. చాలాసేపు గుచ్చి గుచ్చి అడిగితే చెప్పింది. ఇంట్లో ఎవరూ లేనప్పుడు మంచం కోడు పట్టుకుని, మడిమల మీద పూర్తిగా గొంతుక్కూర్చుందట.

“నీకేమన్న పిచ్చా? ఎందుకు కూసున్నవ్?” అని గట్టిగా అరిచాను.

“మొలిసిందో లేదో సూద్దామని.”

ఆమే చెప్పుకొచ్చింది. “మీరే గద మేడం ఇత్తనమన్నరు. పత్తి గింజ పెట్టినంక ఐదారు దినాలకు మేం ఏలుతోని మట్టి గీకి సూత్తం. మొలవని కాడ మల్లొక గింజ పెడ్తం, పోగుంటలంటం. ఆల్సమైతె గా జాగ పంటంత కాళీనే పోతది. నా మోకాల్ల గుడ మొలవకుంటె తొందరగ జెప్పాలె గద, మల్ల పెడ్తరని సూసిన.”

తప్పు ఆమెది కాదని నాకు ఆ క్షణంలోనే తెలిసింది. విత్తనం గురించి నాకు తెలిసింది తొక్కకూడదనే ఒక్క ముక్క. విత్తనం పెట్టాక రైతు ఏం చేస్తాడో మొత్తం తెలిసినదాన్ని పట్టుకుని నేను వ్యవసాయం చెప్పాను. తాతకు దగ్గులు నేర్పడమంటే ఇదే. అయినా భయం వేసి కోపం ఆగలేదు. “మొలిచేదాన్ని నువ్వే నలిపేసుకున్నవ్. ఇక జన్మల మడిల దిగవ్, చూడు,” అనేశాను. ఆమె ముఖం పాలిపోయింది.

డాక్టరు గారు వాపు చూసి మళ్లీ విశ్రాంతి రాశారు. వెళ్లేముందు స్వరూప ఆయన్ని నెమ్మదిగా అడిగింది. “సారూ, తుంటిల ఉన్నదానికి మోకాలి పని ఎట్ల ఎర్కయితది?”

పదిహేనేళ్లలో ఏ పేషెంటూ అడగని ప్రశ్న అది. సిగ్గు విడిచి చెప్తున్నాను, నాకూ ఎప్పుడూ తట్టలేదు. డాక్టరు గారు కుర్చీ ముందుకు జరుపుకున్నారు. “నిజం చెప్పాల్నంటే మాకూ పూర్తిగా ఎర్క లేదమ్మా. అవే కార్టిలేజ్‌గా మారుతయని ముందుగాల అనుకున్నరు. ఇప్పుడేమో అవి చుట్టుపక్కల కణాలకు కబురు పంపి, వాటితోటి పని చేపిస్తయని చాలామంది అంటున్నరు.”

“అంటె అవి నాటెయ్యయ్, నాటేపిత్తయ్. మేస్త్రి పని,” అంది స్వరూప. డాక్టరు గారు పకపకా నవ్వారు. నా పోలిక కంటే ఆమెదే సరిగ్గా ఉంది.

ఆరో నెలలో ఎంఆర్ఐ తీశారు. పెట్టింది ఊడిపోలేదు. ఒక అంచు కాస్త పలచగా ఉన్నా గుంట చాలావరకు పూడింది. ఆ ఫిల్ముకేసి నేను ఎంతసేపు చూశానో! ఇక మోకాలు వంచడం పెంచవచ్చన్నారు. అక్కడే కథ అడ్డం తిరిగింది. దొంగతనంగా గొంతుక్కూర్చున్న మనిషి ఇప్పుడు నేను దగ్గరుండి కూర్చోమన్నా కూర్చోదు. సగం వంగగానే వణికిపోతూ లేచేది. నొప్పి ఉందా అంటే లేదనేది. తొడ కండ సన్నబడుతోంది, నెలలు గడుస్తున్నాయి. 2023 మార్చి వచ్చినా ఆమె కుర్చీ ఎత్తు దాటి కిందికి దిగలేదు.

“నలుగుతది మేడం. మీరే గద అన్నరు,” అంది ఒకరోజు.

అది నా రెండో తప్పు. నా మొదటి తప్పుతో వచ్చిన వాపు రెండు వారాల్లో తగ్గింది. నేను విసిరిన మాట తొమ్మిది నెలలు ఆ కీలును పట్టేసింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. “కోపంల అన్న స్వరూపా. తప్పు నాదే. నీ మోకాలు మంచిగుంది,” అన్నాను. తలూపింది గానీ వంగలేదు.

ఇక లాభం లేదని కింద పరుపు మీద ఆమె ఎదురుగా నేనే గొంతుక్కూర్చున్నాను. “ఇగో, నలభై నాలుగేళ్లదాన్ని, నేను కూసున్న. నువ్వు కూసోవా?” అన్నాను. సవాలు విసిరింది బాగానే ఉంది, లేవబోతే పిక్క పట్టేసింది. పైకి లేవలేను, కింద కూలబడలేను. “అమ్మా!” అని అరిచాను.

“అయ్యో, ఆగున్రి మేడం!” స్వరూప చటుక్కున వంగింది. నా చంకల కింద చేతులు వేసి, మోకాళ్లు రెండూ పూర్తిగా మడిచి, నన్ను మూటలా ఎత్తి నిలబెట్టింది. నేను చిన్న మనిషినేం కాదు, డెబ్బై కిలోలు. గదిలో మిగతా పేషెంట్లు నవ్వుతున్నారు. స్వరూప మాత్రం తన కాళ్లకేసి చూసుకుంటోంది.

“నేనెప్పుడు వంగిన మేడం?”

“నన్ను లేపేటప్పుడు.”

నమ్మనట్టు చూసింది. మళ్లీ ఒకసారి నా చేతులు పట్టుకుని మెల్లగా కిందికి దిగింది, లేచింది. ఇంకోసారి దిగింది. అప్పుడు ఇద్దరం ఏడ్చాం, దాచుకునేదేముంది.

ఆ మోకాలు బాగుపడటంలో స్టెమ్ సెల్స్ వంతు ఎంతో, ఆమె మొండితనం వంతు ఎంతో నాకు ఇప్పటికీ తెలియదు. అందరికీ ఇలాగే అవుతుందని కూడా చెప్పను. ఇద్దరు ముగ్గురిలో పెట్టింది నిలవకపోవడం ఆ తర్వాత చూశాను. నా పనిలో మాత్రం మార్పు వచ్చింది. జాగ్రత్తలు చెప్పాక, “ఇంటికి పోయి ఏం చేస్తవో నువ్వు నాకు చెప్పు,” అని అడిగి పూర్తిగా వింటాను. భయపెట్టి పని చేయించడం మానేశాను. మోకాలికి పెట్టే కట్టు విప్పడం నాకు వచ్చు. మనసులో పడ్డ మాటను విప్పడానికి ఏ చదువూ నేర్పలేదు.

ఆ వానాకాలం నాట్లప్పుడు ఉండబట్టలేక సమ్మయ్యకు ఫోన్ చేశాను. “ఎట్లుంది సమ్మయ్యా? ఒకసారి స్వరూపకియ్యి, మాట్లాడత.”

“ఇప్పుడొద్దు మేడం,” అన్నాడు. “మడి నడుమ ఉంది. చేతుల నిండ నారే.”