బావ తిప్పిన మూడో ముక్క

ఈ ఉదయం మా అమ్మాయి పుస్తకాల బీరువా సర్దుతూ, అంచులు నలిగిన అట్టపెట్టె ఒకటి బయటకు తీసి, "నాన్నా, ఇది పడేయనా?" అంది. మూత తీస్తే పైనే నాలుగు మడతల కాగితం. అందులో ఏముందో చదవకుండానే తెలుసు నాకు. "ఉంచమ్మా" అన్నాను. పెట్టె నా ఒళ్లో పెట్టి వెళ్లిపోయింది.

పెట్టెలో ఉన్నవి మామూలు పేకముక్కలు కావు. కత్తులు పట్టిన వీరులూ, రెక్కల గుర్రాలూ, నిప్పులు కక్కే బల్లులూ బొమ్మలుగా ఉన్న యుద్ధం ఆట. మా మేనల్లుడు బళ్లో చదివే రోజుల్లో పేచీపెట్టి కొనిపించుకుని, మోజు తీరాక మంచం కింద పడేశాడు. వాళ్ల నాన్న, అంటే మా అక్క భర్త, మా బావ, రిటైరైన నెలలోనే దాన్ని దుమ్ము దులిపి పైకి తీశాడు. రూల్స్ పుస్తకం ఎప్పుడో పోయింది. మేనల్లుడు నోటితో చెప్పిన నాలుగు మాటలే మాకు శాస్త్రం. అది చాలని చోట పెళ్లిళ్లలో ఆడిన రమ్మీ అలవాట్లు కలిపేశాం. ఆట మహా రంజుగా ఉండేది. ముక్కను అడ్డంగా తిప్పి "దాడి!" అని పైకి అనాలి. దాడికి వచ్చేవాటినన్నిటినీ ముందే తిప్పేస్తే, ఎదుటివాడు తన ముక్కలు అడ్డం పెట్టి కాచుకుంటాడు. బావ "దాడి" అన్నాడంటే పక్క బ్లాకులో పావురాలు లేచేవి.

బావ ఉండేది చోవా చూ కాంగ్‌లో, నేను టాంపినీస్‌లో. సింగపూర్ ద్వీపానికి ఈ కొసా ఆ కొసా. ఆదివారం భోజనం చేసి రైలెక్కితే ఒక కునుకు తీసి, రైలు మారి, ఇంకో కునుకు తీస్తే గానీ చేరేవాణ్ణి కాదు. వాళ్ల బ్లాక్ కింద చదరంగం గళ్లు వేసిన రాతిబల్ల ఉంది. దానికోసం చైనీస్ తాతలతో పెద్ద పోటీ. అందుకని బావ గంట ముందే దిగి, నా పీట మీద టిష్యూ కాగితాల పొట్లం పెట్టేవాడు. చోప్ చేయడమంటే ఇక్కడ అదే, పొట్లం ఉన్న పీట మీద ఎవరూ కూర్చోరు. "నీ సింహాసనం చోప్ చేశానోయ్, తొందరగా ఏడువు!" అని ఫోను. ఫ్లాస్కుతో టీ తెచ్చే అక్క, మా ఇద్దరినీ చూసి తల కొట్టుకునేది.

ఒక ఆదివారం బావ రెండు ముక్కలు తిప్పి దాడి అన్నాడు. నేను నా దగ్గరున్న రెండూ అడ్డం పెట్టాను. బావ చాలాసేపు బల్లకేసి చూసి, మెల్లగా మూడో ముక్క తిప్పి, "దాడి" అన్నాడు. నా పని అయిపోయింది. వేళాకోళమనుకుని నవ్వేశాను. మరుసటి ఆదివారమూ అంతే. మూడో ఆదివారం నాకు ఒళ్లు మండింది. "ఇది తొండి బావా! అన్నీ ఒకేసారి చెప్పాలి, నేను కాచుకున్నాక కొత్త దాడి ఏంటి?" అన్నాను.

"నేనింకా దాడే చెప్పలేదు కదోయ్," అన్నాడు బావ.

ఆ ముఖంలో ఆశ్చర్యం నిజమైనదని ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు నాకు కనిపించింది నటన. ముక్కలు బల్ల మీద కొట్టి వచ్చేశాను.

ఇంటికొచ్చి, ఆ ఆట తయారుచేసే కంపెనీకి మా అమ్మాయి చేత ఈమెయిల్ రాయించాను. "దీనికి ఈమెయిల్ ఎందుకు నాన్నా? అటాకర్స్ అన్నీ ఒకేసారి చెప్పాలి, అంతే లా," అంది ఇక్కడి యాసలో. నాకు కాగితం కావాలి. జవాబు రావడానికి ఏడు వారాలు పట్టింది. మధ్యలో అక్క ఫోన్ చేసింది.

"ఒరేయ్, మీ బావ ఈమధ్య అదోలా ఉంటున్నార్రా. ఒక్కసారి వచ్చి పో."

"తొండి ఆడానని ఒప్పుకోమను, వస్తాను" అన్నాను. నా నోటితో నేనే అన్నాను.

ఎనిమిదో ఆదివారం ఆ జవాబు అచ్చు తీయించిన కాగితం జేబులో పెట్టుకుని, రైల్లో కునుకైనా తీయకుండా, ఏమని దెప్పాలో వల్లె వేసుకుంటూ వెళ్లాను. బావ బల్ల దగ్గరే ఉన్నాడు. ముక్కలు పంచి ఉన్నాయి. నా పీట మీద టిష్యూ పొట్లం ఉంది. దాన్ని తీసి కూర్చోబోయాను. బావ మర్యాదగా చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఏమీ అనుకోకండి, ఇది చోప్ చేశానండీ. మా బావమరిది వస్తాడు. కాస్త అలిగాడు, అంతే. టాంపినీస్ నుంచి రావాలి కదండీ, దూరం."

తీసిన పొట్లం మళ్లీ పీట మీద పెట్టేశాను. వెనక నుంచి ఫ్లాస్కుతో వచ్చిన అక్క నా భుజం పట్టుకుని ఏడ్చింది. మెదడులో సన్నటి రక్తనాళాలు ఒక్కొక్కటే మూసుకుపోయి, జ్ఞాపకం చెదిరిపోతోందని డాక్టరు చెప్పాడట. ఈ ఏడు ఆదివారాలూ వేళకు దిగి, పొట్లం పెట్టి, చీకటిపడే దాకా కూర్చున్నాడట. మొన్నమొన్నటి దాకా నా పేరు పెట్టి, "వాడొచ్చాడా?" అని అడిగేవాడట.

ఆ తరువాత ఏడాదికి పైగా, బావ పోయేదాకా, ఒక్క ఆదివారం మానలేదు. మూడో ముక్క కాదు, అయిదో ముక్క తిప్పినా సరేననేవాణ్ణి. "మీరు బాగా ఆడతారండీ" అనేవాడు. తొందరగా ఏడువు అన్న నోటితో నన్ను అండీ అనేవాడు. మధ్యమధ్య నా భుజం మీదుగా స్టేషన్ దారికేసి చూసేవాడు.

బావ పోయాక అక్క నాకిచ్చిన ఈ పెట్టెలోంచి ఇప్పుడు ఆ కాగితం తీసి విప్పి చూశాను. అక్షరాలు వెలిసిపోయాయి, తీర్పు మాత్రం నా వైపే ఉంది. బావ నన్ను ఇంకా గుర్తుపట్టగలిగి ఉండగా, నాకోసం పీట ఆపి ఎదురుచూసిన ఆదివారాలు ఏడు. ఆ ఏడింటినీ నేను ఈ కాగితం కోసం ఖర్చు పెట్టాను.